సర్ ఆశుతోష ముఖర్జీ

దేశభాషలో ఎం.ఏ. పరీక్షకు చదువుట నేడెవ్వరికిని వింతగా దోచదు. తెలుగులో ఆ పట్టమును పొందినవారు పల్లెటూళ్ల ఉన్నత పాఠశాలలలో సైతము ఉపాధ్యాయులై యున్నారు. కాని 1919వ సంవత్సరమునకు ముందు కలకత్తా విశ్వవిద్యాలయమున స్థితి వేరుగా నుండెను. అచ్చట సంస్కృతము చదివి ఎం.ఏ. కావచ్చును, అరబ్బీ, పారసీ చదివి కావచ్చును, ఇంగ్లీషు చదివి కావచ్చును. తల్లి నోట నేర్చిన వంగభాషను చదివి మాత్రము కారాదు. ఈ కట్టును త్రెంచినవాడు సర్ ఆశుతోష ముఖర్జీ. ఆ పని ఒక్క దినమున ముగియలేదు. తొలి ప్రయత్నమునకును కడపటి ఫలమునకును నడుమ 28 ఏండ్లు గడచెను.

ఆశుతోషుడు 1864వ సంవత్సరము జూన్ 29వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి గంగాప్రసాదుడు భవానీపురమున పేరు మోసిన వైద్యుడు. తల్లి జగత్తారిణీదేవి. తండ్రి కుమారుని విద్యను స్వయముగా కనిపెట్టి చూచుచుండెను. బాలునకు గణితమనిన ప్రాణము. ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి 1884లో బి.ఏ. పరీక్షయందు ప్రథముడై నెగ్గెను. 1885లో గణితమునను, మరుసటి యేట భౌతికశాస్త్రమునను ఎం.ఏ. పట్టములు పొందెను. ఇట్లు రెండు శాస్త్రములలో ఎం.ఏ. అయినవాడు ఆ విశ్వవిద్యాలయమున అంతకు ముందు లేడు. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ పారితోషికమును గెలుచుకొనెను. తరువాత న్యాయశాస్త్రము చదివి వకీలయ్యెను. 1894లో ఆ శాస్త్రమున డాక్టరు పట్టమును గొనెను. గణితమున ఆయన వ్రాసిన వ్యాసములు విదేశీయ పండితుల మన్నన నందినవి. ఆ మార్గముననే సాగియున్నచో గొప్ప గణితవేత్తగా మిగిలి యుండెడివాడు. ఆ పని చేయుటకు కావలసిన ఆచార్యపదవి నాటి విశ్వవిద్యాలయమున లేదు. అది పరీక్షలు జరిపి పట్టములిచ్చు కార్యాలయము మాత్రమే గాని, చదువు చెప్పెడి సంస్థ కాదు. ఈ కొరత ఆయన మనస్సున ముల్లువలె నాటుకొనెను.

1889లో, ఇరువదియైదేండ్ల ప్రాయమున, ఆశుతోషుడు సెనేటునందును సిండికేటునందును సభ్యుడయ్యెను. ఈ పేర్లు వినుటయే గాని వాని పని యేమో యెరుగని పాఠకులు పెక్కురుందురు గనుక కొంచెము వివరించుట అవసరము. విశ్వవిద్యాలయమున ఒక క్రొత్త చదువు పుట్టవలెననిన ఒక పండితుడు కోరినంత మాత్రమున చాలదు. ఏ పుస్తకములు చదువవలెను, ఎన్ని ప్రశ్నపత్రములుండవలెను అనునది మొదట ఆ విషయమునకు సంబంధించిన పాఠ్యనిర్ణయ సంఘము తేల్చవలెను. పిమ్మట ఫాకల్టీ అనబడు విద్వాంసుల సభ దానిని పరీక్షించును. ఆపై సిండికేటు ఖర్చును, అధ్యాపకులను, నిర్వహణమును విచారించును. కట్టకడపట సెనేటు కూర్చుండి ఓట్లు వేయును. చెరువు నీరు తూము దాటి, కాలువ దాటి, బోదె దాటి మడిని జేరునట్లు, ఒక్కొక్క చోట నొక్కొక్క చేయి అడ్డుపెట్టుటకు వీలున్నది. ఏ చోట మడ్డి నిలిచినను నీరు పారదు. ఆశుతోషుని ఘనత ఆయన పాండిత్యములోనే లేదు. ఈ తూములను, కాలువలను ఆయన తెలిసికొన్నంతగా ఆ కాలమున మరియొకడు తెలిసికొనలేదు.

తెలిసికొనుటకు ముందు ఒక దెబ్బ తినవలసి వచ్చెను. 1891లో ఆయన ఉన్నత పరీక్షలలో వంగభాష మొదలైన దేశభాషలకు చోటు కల్పింపవలెనని ప్రతిపాదించెను. అప్పటి వైస్ ఛాన్సలరు గురుదాస బెనర్జీ ఆ పదవి నధిష్ఠించిన తొలి భారతీయుడు. ఆయనకును దేశభాషలపై అభిమానమే. నవలాచక్రవర్తి బంకించంద్రుడు తీర్మానమును బలపరచెను. అయినను ఫాకల్టీలో అది వీగిపోయెను. ఎదిరించినవారిలో ఆంగ్లేయులే గాక స్వదేశీయులైన పెద్దలును ఉండిరి. దేశభాషలలో ఉన్నత పరీక్షకు తగిన గ్రంథములెక్కడివి, సంస్కృతము చదివినవానికి వంగభాష వేరుగా చదువనేల అనునవి నాటి శంకలు. వానిని ద్వేషమని త్రోసివేయుట న్యాయము కాదు. పుస్తకములు కొరతగా నుండుట నిజమే. చదువు లేనిదే పుస్తకములు పుట్టవు, పుస్తకములు లేనిదే చదువు సాగదు అను ఈ చిక్కుముడిని విప్పుటకు వాదము చాలదని ఆశుతోషుడు గ్రహించెను. అతడు మరల ఆ తీర్మానమును వెంటనే తేలేదు. ఊరకుండెను, కాని మరువలేదు.

1904లో రెండు సంగతులు జరిగినవి. ఆశుతోషుడు కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి యయ్యెను. కర్జను ప్రభువు విశ్వవిద్యాలయముల చట్టమును తెచ్చెను. ఈ చట్టమును దేశభక్తులు గట్టిగా ఖండించిరి. సెనేటు సభ్యుల సంఖ్య నూటికి మించరాదనియు, వారిలో అత్యధికులను ఛాన్సలరే నియమించుననియు, ప్రభుత్వాంగీకారము లేనిదే ఏ నిబంధనయు చెల్లదనియు అందున్నది. ఒక కళాశాల ఏ విషయమును బోధింపవలెనన్నను సిండికేటు తనిఖీ చేయించి, సెనేటు అభిప్రాయము తెలిపి, తుది యుత్తరువునకై ప్రభుత్వమునకు పంపవలెను. ఇచ్చిన గుర్తింపును తీసివేయుటకును ఇదే మార్గము. విశ్వవిద్యాలయము సర్కారు కచ్చేరీగా మారునని జనులు భయపడిరి. ఆ భయము నిరాధారము కాదు. కాని ఆ చట్టములోనే ఒక మూల, విశ్వవిద్యాలయములు తామే ఆచార్యులను నియమించుకొని బోధనమును పరిశోధనమును జరుపుకొనవచ్చునను మాట యున్నది. పెక్కురు దానిని అలంకారముగా నెంచి విడిచిరి. ఆశుతోషుడు ఆ యొక్క మాటను పట్టుకొనెను. బంధించుటకై తెచ్చిన త్రాటితోనే బావిలోని నీరు తోడెనని చెప్పవచ్చును.

1906లో ఆయన వైస్ ఛాన్సలరుగా నియమింపబడి, రెండేసి యేండ్ల చొప్పున నాలుగు మారులు, 1914 వరకు ఆ పదవియందుండెను. పగలెల్ల హైకోర్టులో తీర్పులు చెప్పుట, ప్రొద్దుననే, సాయంకాలమున, సెలవు దినములలో విశ్వవిద్యాలయపు పని చూచుట ఆయన నిత్యక్రమము. ఆ పనికి జీతము లేదు. క్రొత్త నిబంధనలు 1906లో అమలులోనికి వచ్చినవి. వానిలో మెట్రిక్యులేషను మొదలు బి.ఏ. వరకు దేశభాషలో రచన తప్పనిసరి యయ్యెను. పదునైదేండ్ల క్రిందట ముఖద్వారమున నిలిపివేయబడిన భాష ఈసారి ప్రక్కవాకిటి నుండి లోపలికి వచ్చినది. ఎవ్వరును పెద్దగా అడ్డగింపలేదు.

ఆశుతోషుని గృహజీవితమునను ఇట్టి పట్టుదలయే కానవచ్చును. పెద్ద కుమార్తె కమల బాల్యముననే వితంతువు కాగా, 1908లో ఆయన ఆమెకు పునర్వివాహము చేసెను. బ్రాహ్మణ సంఘమున అలజడి పుట్టెను, ఆయన చలింపలేదు. దురదృష్టవశమున ఆమె మరల భర్తను గోల్పోయి 1923లో తానును మరణించెను. ఆమె పేర విశ్వవిద్యాలయమున ఉపన్యాసముల నిధి నేర్పరచి ఆ తండ్రి దుఃఖమును దిగమ్రింగుకొనెను.

విశ్వవిద్యాలయమున బోధనము నెలకొల్పుటకు ధనము కావలెను. ప్రభుత్వ మిచ్చినది స్వల్పము. 1909లో న్యాయశాస్త్ర కళాశాల వెలసెను. విజ్ఞాన కళాశాలకు మాత్రము ఇద్దరు వకీళ్లు తమ జీవితార్జనమును ధారపోసిరి. తారకనాథ పాలితుడు 1912లో భూమిని, ధనమును కలిపి సుమారు 15 లక్షల రూపాయల ఆస్తి నొసగెను. 1913లో రాసవిహారీ ఘోషు 10 లక్షలిచ్చెను. పాలితుని దానపత్రములో ఆ పీఠముల యందు భారతీయులనే నియమింపవలెనను నియమము గలదు. 1914 మార్చి 27న ఆశుతోషుడు కళాశాలకు శంకుస్థాపన చేసెను. మరి నాలుగు దినములకు ఆయన పదవీకాలము ముగిసెను.

ఆచార్యుల నెన్నుకొనుటలో ఆయన చూపు అపూర్వము. ప్రభుత్వ ఆర్థికశాఖలో పెద్ద జీతముపై నున్న చంద్రశేఖర వెంకటరామను తక్కువ జీతమునకు భౌతికశాస్త్ర పీఠమునకు రప్పించెను. రామను 1917లో చేరెను. దానపత్రము ప్రకారము పీఠము నధిష్ఠించువాడు ముందు విదేశమునకు పోయి శిక్షణ పొందవలసి యుండగా, రామను అంగీకరింపనందున ఆ షరతును సడలింపజేసెను. ప్రఫుల్లచంద్ర రాయి రసాయనశాస్త్ర పీఠమునకు వచ్చెను. 1916లో మేఘనాథ సాహా, సత్యేంద్రనాథ బోసు అను ఇరువురు యువకులు ఉపన్యాసకులైరి. క్రొత్త భౌతికశాస్త్రమును బోధించుటకు గురువులు లేక వారు తామే చదువుకొని బోధించిరి; ఐన్‌స్టయిను సాపేక్షతా సిద్ధాంత వ్యాసములను వారు ఇంగ్లీషులోనికి మార్చగా 1920లో విశ్వవిద్యాలయమే ప్రకటించెను. 1921లో తత్త్వశాస్త్ర పీఠమునకు మైసూరు నుండి సర్వేపల్లి రాధాకృష్ణుని పిలిపించెను. వంగదేశమున పండితులు లేరా యని కొందరు సణగిరి. ఆశుతోషునకు రాష్ట్రాభిమానము లోపింపలేదు గాని, పీఠముల విషయమున అది ఆయనకు అడ్డు రాలేదు.

తూములపై ప్రభుత్వము చేయి వేసిన సందర్భములును గలవు. 1913లో సెనేటు ఎన్నుకొన్న ముగ్గురు ఉపన్యాసకులను, వారు రాజకీయములలో పాల్గొందురని, భారత ప్రభుత్వము నిరాకరించెను. వారు అబ్దుల్ రసూలు, అబ్దుల్లా సుహ్రవర్ది, కాశీప్రసాద జైస్వాలు. వారి పాండిత్యమును గూర్చి సర్కారునకు సందేహము లేదు. విద్యావిషయమున విద్యతో సంబంధము లేని కారణము చెల్లుటకు ఆరంభించినచో అది యెచ్చట నాగునో చెప్పజాలమని ఆశుతోషుడు గ్రహించెను.

పదవి లేని కాలముననే ఆయన తన పెద్ద పనిని ముగించెను. 1916లో ఎం.ఏ., ఎం.ఎస్‌సి. చదువులను సంస్కరించుటకు ప్రభుత్వము ఆయన అధ్యక్షతన ఒక సంఘము నేర్పరచెను. అప్పటివరకు ఒక్కొక్క కళాశాల తనకు తోచినట్లు ఎం.ఏ. తరగతులు నడపుచుండెను. ఒకచోట ఆచార్యుడుండును, గ్రంథాలయముండదు. వేరొకచోట గ్రంథములుండును, విద్యార్థులుండరు. ఈ తరగతులను వేర్వేరుగా నడపుట మాని, కలకత్తాలో విశ్వవిద్యాలయమే ఒక్కచోట బోధింపవలెనని సంఘము సూచించెను. కళాశాలల అధ్యాపకులలో తగినవారిని ఆ బోధనలో చేర్చుకొనవచ్చును. సెనేటులో ఘోరమైన చర్చ జరిగెను. పేరున్న కళాశాలలకు తమ ఎం.ఏ. తరగతులను వదలుకొనుట కిరీటమును దింపుటవలె తోచినది. క్రొత్త చదువును పుట్టించుట కంటె ఉన్న చదువును మూయుట కష్టము. పుట్టనిదానికి బంధువులుండరు, ఉన్నదానికి జీతములు, గౌరవములు, జ్ఞాపకములు అల్లుకొని యుండును. అయినను 1917లో నిబంధనలు ప్రభుత్వాంగీకారమును బడసెను. ఆర్ట్సునకు నొకటి, సైన్సునకు నొకటి, రెండు కౌన్సిళ్లు ఏర్పడినవి. వానియందు బోధించువారే సభ్యులు. ఏమి బోధింపవలెనో తేల్చుకొను పని బోధించువారి చేతికి వచ్చినది.

ఇక మిగిలినది 1891 నాటి బాకీ. చిక్కుముడిని ఆయన రెండవ కొననుండి విప్పెను. ముందుగా పుస్తకములు. దినేశచంద్ర సేనుని ప్రోత్సహించి వంగసాహిత్య చరిత్రను వ్రాయించి 1911లో ప్రకటింపించెను. ఊరూరు దిరిగి సేకరించిన వ్రాతప్రతుల నుండి ప్రాచీన వంగ రచనల సంకలనము 1914లో రెండు సంపుటములుగా వెలువడెను. చదువు పుట్టకమునుపే దానికి గ్రంథములు సిద్ధమైనవి. పిదప 1919లో భారతీయ భాషలలో ఎం.ఏ. చదువు ఆమోదమును పొందెను. మరుసటి యేట తొలి పరీక్ష జరిగెను. అందలి ఏర్పాటు గమనింపదగినది. విద్యార్థి ఒక దేశభాషను ప్రధానముగా గైకొనవలెను. రెండవ దేశభాష నొకదానిని తోడుగా చదువవలెను. ప్రాకృతము, పాళీ, పారసీ వంటి మూలభాషల పరిచయము నార్జింపవలెను. హిందీ, ఒరియా, అస్సామీ, మరాఠీ, గుజరాతీలతో బాటు తెలుగునకును తమిళమునకును అందు చోటు గల్గెను. వంగ విద్యార్థి తన భాషతోనే తృప్తిపడక పొరుగువాని భాషను నేర్వవలెనను ఈ నియమము ఆశుతోషుని దూరదృష్టికి గుర్తు. అది నిలిచినంత మేరకైనను మన ప్రాంతములలో అనుకరింపబడినచో ఎంత మేలై యుండెడిది!

క్రొత్త చదువునకు మొదట మర్యాదస్థులు తమ పిల్లలను బంపుటకు జంకిరి. ఇంగ్లీషు ఎం.ఏ.కు ఉద్యోగము దొరకును, వంగభాషా ఎం.ఏ.కు ఏమి దొరకును? ఆశుతోషుని ద్వితీయపుత్రుడు శ్యామాప్రసాదుడు బి.ఏ.లో ఇంగ్లీషున ప్రథమశ్రేణిలో నెగ్గెను. తండ్రి ఆ కుమారుని ఇంగ్లీషు ఎం.ఏ.కు బంపక వంగభాషా ఎం.ఏ.లో చేర్చెను. అతడు 1923లో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను. 1934లో తండ్రి కూర్చున్న వైస్ ఛాన్సలరు పీఠము నెక్కెను. సెనేటులో వేయి మాటలకు లేని బలము ఆ ఒక్క పనికి గలిగెను.

1921లో ఆశుతోషుడు మరల వైస్ ఛాన్సలరయ్యెను. కాలము మారినది. విశ్వవిద్యాలయము భారత ప్రభుత్వము నుండి వంగ ప్రభుత్వము క్రిందికి వచ్చెను, గవర్నరే ఛాన్సలరు. సహాయ నిరాకరణోద్యమము వలన పరీక్షలకు వచ్చువారు తగ్గిరి. పరీక్ష రుసుములే విశ్వవిద్యాలయమునకు జీవనాధారమగుటచే బొక్కసము ఎండెను. అధ్యాపకులకు నెలల తరబడి జీతములు చెల్లలేదు. విమర్శకులు లేచిరి. విద్యార్థుల కంటె అధ్యాపకులెక్కువగా నున్న శాఖలు గలవనియు, మెట్రిక్యులేషనులో ఉదారముగా ఉత్తీర్ణులను జేసి రుసుములు రాబట్టిరనియు, అంతయు ఒక్కని ఇచ్ఛపై నడచుచున్నదనియు వారి ఆక్షేపణ. చరిత్రకారుడు యదునాథ సర్కారు వారిలో ముఖ్యుడు. ఈ మాటలలో కొంత సత్యమున్నదని ఒప్పుకొనవలెను. ఆశుతోషుడు ఆదాయమును చూచుకొని చదువులు తెరచినవాడు కాడు. తెరచి, పిదప ఆదాయమును వెదకినవాడు. ఆయన లేనిచో ఆ శాఖలు పుట్టెడివి కావు. ఆయన యుండుట చేతనే వాని లెక్కలు అదుపు దప్పినవి.

1922లో ప్రభుత్వము రెండున్నర లక్షల రూపాయల సహాయమును జూపి దానికి షరతులు కట్టెను. ధనపు చిక్కులు తీరువరకు వ్యయముతో గూడిన ఏ విస్తరణమునకును పూనుకొనరాదు. లెక్కలను నెలనెల సర్కారునకు జూపవలెను. ఇట్టివి ఇంకను గలవు. పైకి ఇవి అప్పిచ్చువాని జాగ్రత్తల వలె నుండెను. వాని ఫలమేమనగా, ఏ చదువు పెరుగవలెనో ఏది ఎండవలెనో చెప్పు అధికారము బోధించువారి చేతినుండి ఖజానా చేతికి పోవును. ఆ అధికారమును రెండున్నర లక్షలకు అమ్మవలెనా యనునది ప్రశ్న. అమ్మకున్నచో జీతములు లేక అలమటించునది ఆశుతోషుడు కాడు, బీద అధ్యాపకులు. కావుననే నిర్ణయము సులభము కాలేదు. డిసెంబరులో సెనేటు సమావేశమయ్యెను. ఆశుతోషుడు సుదీర్ఘముగా ప్రసంగించి, స్వాతంత్ర్యము ముందు, ధనము తరువాత అను భావమును నొక్కి చెప్పెను. ప్రఫుల్లచంద్ర రాయి మొదలగు ఆచార్యులు ఆయన ప్రక్కన నిలిచిరి. రాయి అప్పటికే తన జీతమును విశ్వవిద్యాలయమునకు వదలివేసి యుండెను. సెనేటు షరతులను నిరాకరించెను.

1923 మార్చిలో గవర్నరు లిట్టను ప్రభువు ఆయనకు జాబు వ్రాసి, ప్రభుత్వము నెదిరించుట మాని సహకరింతునని మాట యిచ్చినచో మరల వైస్ ఛాన్సలరుగా నియమింతునని సూచించెను. ఆశుతోషుడు రెండే దినములలో ఆ పదవిని తిరస్కరించుచు ప్రత్యుత్తరమిచ్చెను. ఆ ఉత్తరము పత్రికల కెక్కి దేశమంతట చదువబడెను. జనులు ఆయనను వంగదేశపు పెద్దపులి యని పిలిచిరి. దట్టమైన మీసములు గల ఆ విగ్రహమునకు ఆ పేరు చక్కగా నమరెను.

ఆ యేడాది చివర హైకోర్టు పదవి నుండి విరమించి మరల న్యాయవాదవృత్తి చేపట్టెను. డుమ్రావు సంస్థానపు వ్యాజ్యమునకై పాట్నాకు పోయి, అచ్చట 1924 మే 25న అకస్మాత్తుగా మరణించెను. వయస్సు అరువది నిండలేదు. భౌతికకాయమును రైలుమీద కలకత్తాకు దెచ్చిరి. నగరమంతయు వీధులలో నిలిచినది.

ఆయన నాటిన దానిలో కొంత తెలుగు నేలకును చేరెను. కలకత్తాలో పదేండ్లు పనిచేసిన రాధాకృష్ణుడు 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరై వచ్చెను. పరీక్షలు జరుపుటతో తృప్తిపడక తానే బోధించు విశ్వవిద్యాలయము ఎట్లుండవలెనో ఆయన కలకత్తాలో కన్నులార చూచియుండెను. వాల్తేరులో ఉన్నత విద్యాశాఖలు ఆయన కాలముననే వెలసినవి.

ఆశుతోషునకు ఐశ్వర్యమన పుస్తకములే. భవానీపురపు ఇంట గదులు, వసారాలు, మేడమెట్ల ప్రక్కలు సైతము బీరువాలతో నిండియుండెను. గణితము, న్యాయము, చరిత్ర, సాహిత్యము, ఏ శాస్త్రమైనను ఆయన కొనెడివాడు. ఆ సంపదను ఆయన సంతతివారు పంచుకొనలేదు. 1949లో 80,000కు పైబడిన ఆ గ్రంథములను కలకత్తాలోని జాతీయ గ్రంథాలయమునకు ఒప్పగించిరి. అవి అచ్చట ఆయన పేరనే వేరుగా ఉంచబడి, అడిగిన చదువరులకు ఇయ్యబడుచున్నవి.